స్పారింగ్‌లో దవడకు దెబ్బ తగిలింది, స్కాన్ నార్మల్. మళ్లీ ఎప్పుడు దిగొచ్చు?

మీరు అడిగింది ఇదీ: పందొమ్మిదేళ్ల తమ్ముడు మహబూబ్‌నగర్‌లో బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. స్పారింగ్‌లో (జోడీతో బరిలో దిగి కొట్టుకునే ప్రాక్టీస్) దవడకు హుక్, అంటే పక్కనుంచి వేసే గుద్దు, తగిలి కాసేపు తికమకపడ్డాడు, స్పృహ మాత్రం తప్పలేదు. సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది. పది రోజులైనా సాయంత్రమయ్యేసరికి తల బరువెక్కుతోంది. సెలెక్షన్స్ దగ్గరపడ్డాయి కాబట్టి హెడ్‌గార్డ్ పెట్టించి వచ్చే వారం స్పారింగ్‌కి పంపొచ్చా?

పంపొద్దు. తల బరువు ఉన్నన్నాళ్లు స్పారింగ్ మాటే ఎత్తనివ్వకండి. నేను డాక్టర్‌ని కాదు. నల్గొండలో కొన్నేళ్లు బాక్సింగ్ ఆడాను, ఇలాంటి దెబ్బే తిన్నాను, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలు గుద్దులు ప్రాక్టీస్ చేయడానికి చేతులకు ప్యాడ్స్ వేసుకుని పడుతున్నాను. ఆ మేరకు నాకు తెలిసింది చెప్తాను.

స్కాన్ నార్మల్ అనగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సీటీ స్కాన్‌లో చూసేది పుర్రె చిట్లిందా, లోపల రక్తం కారిందా అని. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరి దాని పని కొన్నాళ్లు తేడా పడటం, సాధారణంగా అందులో కనపడదు. స్పృహ తప్పలేదన్నదీ భరోసా కాదు, చాలా కంకషన్లలో మనిషి స్పృహలోనే ఉంటాడు. పక్కనుంచి హుక్ పడితే తల ఒక్కసారిగా పక్కకు తిరిగిపోతుంది. కుండను ఒక్కసారిగా తిప్పితే లోపలి పెరుగు వెనకబడ్డట్టు మెదడూ వెనకబడి, నరాల పోగులు సాగుతాయి. కణాల్లో సోడియం, పొటాషియం తారుమారవుతాయి. వాటిని సర్దుకోవడానికి మెదడుకు మామూలుకంటే ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే దానికి అందే రక్తం తగ్గుతుంది. ఆ లోటు పూడకముందే ఇంకో దెబ్బ తగిలితే కోలుకోవడం బాగా ఆలస్యమవుతుంది. కుర్రవాళ్లలో ఒక్కోసారి మెదడు ఉన్నట్టుండి వాచిపోయి ప్రాణం మీదికొస్తుంది. దాన్ని సెకండ్ ఇంపాక్ట్ సిండ్రోమ్ అంటారు. చాలా అరుదు, కానీ ఆ రెండో దెబ్బ పెద్దదే కానక్కర్లేదు.

నా సంగతి చెప్తాను. దెబ్బ తగిలాక కూడా ఆ రౌండ్ పూర్తిచేసి, నడుచుకుంటూనే ఇంటికొచ్చాను. తెల్లారి మామయ్య ఎరువుల షాపులో కూర్చుని యూరియాకు బిల్లు రాస్తుంటే, "తమ్మీ, నాలుగు బస్తాలకు నలభై రాస్తివేంది?" అని నవ్వాడు ఒక రైతు. కాగితం చూస్తే నిజంగానే నలభై ఉంది. షాపులో ట్యూబులైటు వెలుతురు కళ్లలో గుచ్చేది. చిన్నదానికీ చిర్రెత్తేది. నేను మాత్రం అడిగినవాళ్లందరికీ బాగానే ఉందని చెప్తున్నాను, నాకు నిజంగా అలాగే అనిపించేది. కనిపెట్టింది అమ్మ. "వీనికి రెండుసార్లు చెప్తెగానీ చెవికెక్కుతలేదు, దవాఖానకు తోల్కపోండ్రి" అంది. హైదరాబాద్‌లో న్యూరో డాక్టర్ స్కాన్‌ని ఒకసారి చూసి పక్కన పెట్టేశారు. ఒంటికాలి మీద నిలబెట్టారు, వేలు వెంట కళ్లు తిప్పమన్నారు, డిసెంబర్ నుంచి జనవరికి నెలల పేర్లు వెనక్కి చెప్పమన్నారు. నేను ఆగస్టు దగ్గర ఆగిపోయాను.

అందుకే మీ తమ్ముడు "బాగానే ఉంది" అన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి, సెలెక్షన్స్ ముందు ఏ బాక్సరైనా అదే అంటాడు. నిద్ర, కోపం, చదివింది గుర్తుండటం, ఫోన్ చూస్తే తలనొప్పి రావడం, ఇవి మీరు గమనించండి. వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఒక కంటిపాప పెద్దగా కనిపించినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

అలాగని చీకటి గదిలో పడుకోబెట్టమని కూడా డాక్టర్లు ఇప్పుడు చెప్పడం లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని రాసిన మార్గదర్శకాల ప్రకారం ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు, ఆ తర్వాత నడక, తేలికగా సైకిల్ తొక్కడం మంచిదే. తలనొప్పి కాస్త పెరిగితే పరవాలేదు, అంతకంటే ఎక్కువైతే ఆగి, మర్నాడు మళ్లీ చూడాలి. తర్వాత పరుగు, షాడో (ఎదురుగా ఎవరూ లేకుండా గాల్లో గుద్దులు వేయడం). తల దగ్గర ఏ తేడా లేకుండా, చెమటలు పట్టేలా కష్టపడ్డా తేడా రాకుండా ఉంటేనే బ్యాగ్, ప్యాడ్స్‌తో పూర్తి ప్రాక్టీస్. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. బ్యాగ్ మొదలుపెట్టాక లక్షణాలు తిరగబెడితే మళ్లీ పరుగు, షాడో మెట్టుకే. డాక్టర్ సరే అన్నాకే స్పారింగ్. మీవాడు ఇంకా కింది మెట్ల మీదే ఉన్నాడు.

ఇక హెడ్‌గార్డ్. కనుబొమ్మలు చిట్లకుండా, తలలు ఢీకొన్నా గాయం కాకుండా అది బాగానే కాపాడుతుంది, ప్రాక్టీస్‌లో తప్పకుండా పెట్టుకోవాల్సిందే. కానీ దెబ్బకు తల పక్కకు తిరిగిపోవడాన్ని అది ఆపదు, కంకషన్ వచ్చేది అక్కడే. 1984 నుంచి ఒలింపిక్స్‌లో తప్పనిసరిగా ఉన్న హెడ్‌గార్డ్‌ని మగవాళ్ల పోటీల్లో 2013లో తీసేశారు, 2016 రియోలో అవి లేకుండానే ఆడారు. తీసేయడం మంచిదేనా అన్న వాదన ఇంకా ఉంది, నాకైతే నచ్చలేదు. ఏదేమైనా, అది పెట్టుకున్నాం కదా అని ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ తినే పిల్లల్ని రోజూ చూస్తున్నాను.

తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయితే కనీసం 30 రోజులు బౌట్లూ (పోటీలూ) స్పారింగూ రెండూ వద్దని అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్ నిబంధన. రెండోసారి, మూడోసారి అయితే ఇంకా ఎక్కువ. మీ తమ్ముడు నాకౌట్ కాలేదు కాబట్టి ఇవి వర్తించవని ఎవరైనా అనొచ్చు, కానీ లక్షణాలు ఇంకా పోలేదు కదా. సెలెక్షన్స్ వచ్చే ఏడాది మళ్లీ ఉంటాయి.

ఇంకో మాట. బౌట్ అంటే మూడు రౌండ్లు. స్పారింగ్ వారం వారం, ఏళ్ల తరబడి. దెబ్బల్లో ఎక్కువ భాగం పడేది అక్కడే, వాటిలో చాలావాటికి తికమక కూడా రాదు. దెబ్బలు తినీ తినీ బాక్సర్లకు వచ్చే తడబాటు గురించి అమెరికా డాక్టర్ హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. తలకు పదే పదే దెబ్బలు తగిలి మెదడు మెల్లగా పాడయ్యే ఆ జబ్బును ఇప్పుడు సీటీఈ అంటున్నారు, దాన్ని పోస్ట్‌మార్టంలో తప్ప ఖాయంగా చెప్పలేరు. అంటే ముందే పట్టుకునే పరీక్ష లేదు, దెబ్బల సంఖ్య తగ్గించుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. తిరిగి వెళ్లాక మొదట కొన్నాళ్లు ఒంటికి మాత్రమే కొట్టే స్పారింగ్ పెట్టమనండి, జోడీ అదే బరువు వాడు కావాలి. మా దగ్గర 60 కిలోల పిల్లాణ్ని 75 కిలోల సీనియర్‌తో "గట్టిపడతాడు" అని దింపేవాళ్లు. అలా గట్టిపడేది ఏమీ లేదు.

కోచ్ సార్‌తో మీరు నేరుగా వాదించడం కష్టం, మీ తమ్ముడికీ ఇబ్బంది. న్యూరో డాక్టర్‌తో "తదుపరి పరీక్ష వరకు స్పారింగ్ వద్దు" అని చీటీ మీద తేదీతో రాయించుకోండి. అదే కాగితం సార్ చేతిలో పెట్టండి, ఫోటో తీసి మీ దగ్గరా ఒకటి ఉంచుకోండి.