పాత కెమెరా విప్పబోతున్న మా తమ్ముడి కూతురికి

చిరంజీవి చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

నా పాత కెమెరాను బీరువాలోంచి బయటికి తీశావనీ, దాని ఆటోఫోకస్ ఒకసారి పనిచేసి మరోసారి మొరాయిస్తోందనీ, దాన్ని నువ్వే బాగుచేసి ఈ నెలాఖరున నానమ్మ ఫోటోలు తీయాలనుకుంటున్నావనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. కొత్తది కొనిపెట్టమని అడగకుండా, చేతిలో ఉన్నది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని నువ్వు పట్టుబట్టడం నాకెంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. అయితే సన్నని స్క్రూడ్రైవర్లు కూడా తెప్పించుకున్నావని ఫోను పెట్టేయబోతూ చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఆ స్క్రూడ్రైవర్లను ముందు మీ నాన్నకు ఇచ్చెయ్యి. కెమెరా పైన లేచే చిన్న ఫ్లాష్ కోసం బాడీ లోపల ఒక కెపాసిటర్, అంటే కరెంటును నిల్వచేసుకునే భాగం, ఉంటుంది. అది దాదాపు 300 వోల్టుల దాకా చార్జి అవుతుంది. కెమెరా ఆపేసినా, బ్యాటరీ తీసేసినా ఆ చార్జి వెంటనే పోదు. పైమూత విప్పిన చెయ్యి పొరపాటున దాని కాళ్లకు తగిలితే ఏమవుతుందో ఊహించడం కూడా నాకు ఇష్టం లేదు. ఫోకస్ సమస్యల్లో నువ్వు ఇంట్లో సరిచేయగలిగినవి ఏవీ ఆ మూత కింద లేవు. విప్పనని మాట ఇచ్చాకే ఈ ఉత్తరంలో మిగిలింది చదువు.

తేలిక పనులు మొదట పూర్తి చెయ్యి. లెన్సు మీదా బాడీ మీదా ఉన్న ఫోకస్ స్విచ్‌లు పూర్తిగా ఆటో వైపు ఉన్నాయో, మధ్యలో ఆగిపోయాయో చూడు. లెన్సును తీసి, టక్కుమని చప్పుడు వచ్చేదాకా తిప్పి మళ్లీ బిగించు. బ్యాటరీని నిండా చార్జి చెయ్యి. ఫోకస్ చేసే పనిని షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనక బటన్‌కు ఇచ్చే ఏర్పాటు మెనూలో ఉంటుంది. నేను అలా వాడేవాణ్ని, కాబట్టి ఆ అమరిక ఇంకా అలాగే ఉందేమో చూడు. ఫ్రేములో ఫోకస్ పట్టే పాయింట్లన్నిటినీ వదిలేసి మధ్య పాయింట్ ఒక్కటే పెట్టుకో, ఎందుకంటే మన కెమెరాలో నిలువు గీతలనూ అడ్డ గీతలనూ రెండింటినీ పట్టగలిగేది అదొక్కటే.

ఆ తరువాత చెవులు పెట్టి విను. ఈ కిటుకు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బటన్ సగం నొక్కినప్పుడు లెన్సు ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఎక్కడా నిలవకపోతే మోటారు బాగానే ఉందనీ, కెమెరాకు సరిగా కనబడడం లేదనీ అర్థం. అసలు చప్పుడే లేకపోతే మోటారుకు కరెంటు అందడం లేదు, లేదా సగం నొక్కినట్టు కెమెరాకు తెలియడం లేదు; వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలో, వెలుతురు కొలత చూపే ఎక్స్‌పోజర్ అంకెలు కూడా మేలుకోకపోతే అనుమానం బటన్ మీదికి పోవాలి. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తున్నా లెన్సు కదలకపోతే లోపలి పళ్లచక్రాలు పట్టు తప్పాయన్నమాట. కీచుమనే శబ్దం వస్తే లోపలి మోటారు అరుగుతోందని అనుకోవచ్చు. ఈ చివరి రెండూ మెకానిక్ పనులు, మన పనులు కావు.

చెవి చెప్పినదాన్ని కంటితో నిర్ధారించుకోవచ్చు. స్విచ్‌ను మాన్యువల్‌కు మార్చి, షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకుని, ఫోకస్ రింగును చేత్తో మెల్లగా తిప్పు. స్పష్టంగా కనబడే చోట వ్యూఫైండర్‌లో చిన్న పచ్చచుక్క వెలిగి నిలిస్తే కెమెరా కన్ను సరిగ్గా ఉన్నట్టే. లోపం మోటారులోనో దానికి కరెంటు చేరే దారిలోనో ఉంది. చుక్క వెలగకపోయినా, మిణుకుమిణుకుమంటూ నిలవకపోయినా చూపులోనే లోపం. నేను ఆటోఫోకస్ లేని కెమెరాలతో, చేతివేళ్లతో ఫోకస్ నేర్చుకున్నవాణ్ని. 1985లో మినోల్టా 7000 వచ్చినప్పుడు, బాడీలోని మోటారు ఒక చిన్న ఇరుసుతో లెన్సును తిప్పుతుందని చదివి ఎంతో ఆశ్చర్యపోయాను. రెండేళ్లకు కేనన్ ఆ మోటారును లెన్సులోనే పెట్టేసింది. మన సంచిలో రెండు రకాల లెన్సులూ ఉండడం నీ అదృష్టం: 50 మిల్లీమీటర్లది బాడీ మోటారుతో తిరుగుతుంది, జూమ్‌కు సొంత మోటారు ఉంది. ఒకటి ఎప్పుడూ కుదిరి, రెండోది మాత్రమే తప్పుతుంటే నీ వెతుకులాట సగానికి సగం తగ్గిపోతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు గురించి చెప్పాలి. మీ ఇంట్లో గోడ మీద నానమ్మా, వాళ్ల అక్కా పక్కపక్కన కూర్చున్న ఫోటో ఉంది కదా, చిన్నప్పుడు నువ్వు "కిటికీ ఎందుకింత బాగా కనబడుతోంది, నానమ్మ ఎందుకు మసకగా ఉంది" అని అడిగావు. అప్పుడు నేను ఏదో చెప్పి దాటవేశాను. అసలు సంగతి ఇది.

అది 2009. ఈ కెమెరాకే అప్పుడప్పుడు ఫోకస్ తప్పేది. వారంలో ఒకసారి వచ్చి, నేను చూడబోయేసరికి మాయమయ్యేది. ఒక రాత్రి విసుగు వచ్చి, ఉన్న ఉపాయాలన్నీ ఒకేసారి ప్రయోగించాను: బ్యాటరీ మార్చాను, సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాను, లెన్సు వెనక ఉండే బంగారుపూత కాంటాక్టులనూ బాడీలోని పిన్నులనూ పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దాను. తరువాత లెన్సును ఎడమ అరచేతిలో ఆనించి పట్టుకుని గోడ గడియారాన్ని రెండు వందల సార్లు తీశాను. అన్నీ కుదిరాయి. రోగం కుదిరిందని సంతోషంగా పడుకున్నాను. ఏ మందుకు కుదిరిందో మాత్రం నన్ను నేను అడగలేదు.

మూడు వారాల తరువాత అక్కాచెల్లెళ్లిద్దరూ ఏళ్ల తరబడి విడిగా ఉండి కలుసుకున్నారు. సాయంత్రపు వెలుగు పడుతున్న కిటికీ ముందు రెండు కుర్చీలు వేయించి, కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, వాళ్లు వచ్చేలోపు ఫ్రేము సరిచూసుకుంటూ వెనక ఉన్న కిటికీకి ఫోకస్ చేశాను. వాళ్లు కూర్చున్నాక, మాటల్లో ఉండగా సహజంగా తీయాలని, దూరం నుంచి షట్టర్ నొక్కే కేబుల్ పట్టుకుని పక్కకు జరిగి నొక్కుతూ పోయాను. ముప్పై ఒక్క ఫోటోలు వచ్చాయి. వెనక ఉన్న చిన్న తెరలో అన్నీ బాగున్నట్టే కనబడ్డాయి. ఒక్కదాన్నైనా పెద్దది చేసి చూడలేదు. ఆ రాత్రి కంప్యూటర్‌లో తెరిస్తే ముప్పై ఒక్కటిలోనూ కిటికీ ఊచలు సూదిమొనల్లా ఉన్నాయి, రెండు ముఖాలూ మసకబారి ఉన్నాయి. ఫోకస్‌ను ఆగకుండా సరిచేస్తూ ఉండే కంటిన్యూయస్ పద్ధతిలో ఉంచినందువల్ల ఫోకస్ కుదరకపోయినా షట్టర్ పడుతూనే వచ్చింది. ఒకసారి కుదిరాకే ఫోటో తీసే సింగిల్ పద్ధతిలో ఉంచి ఉంటే కెమెరా ఫోటో తీయడానికి నిరాకరించేది, నాకు అక్కడే తెలిసిపోయేది. ఆ కోపంలో మరునాడు లెన్సు విప్పి, లోపలి పలుచని రిబ్బన్ కేబుల్‌ను కూడా తెంపాను.

చివరికి ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కెమెరాను చేతిలోకి తీసుకోకముందే, "ఎప్పుడు కుదరదు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆయన భూతద్దంతో చూసి, బాడీ పిన్నుల్లో ఒకటి మిగతావాటికన్నా కిందికి దిగి, స్ప్రింగు పైకి లేవక ఇరుక్కుని ఉండడం చూపించారు. దాని పక్కనే నా రబ్బరు పొడి ఉంది. మోటారుకు కరెంటు ఆ పిన్ను మీదుగానే వెళ్తుందట. మిగతా పిన్నులు బాగున్నందువల్ల కెమెరా ఏ హెచ్చరికా చూపలేదు. లెన్సును చేత్తో ఆనిస్తే ఆ పిన్ను తగిలేది, ట్రైపాడ్ మీద లెన్సు తన బరువుకు తాను వేలాడితే తగిలేది కాదు. గడియారాన్ని తీసినంతసేపూ నా అరచెయ్యే లోపాన్ని దాచిపెట్టింది. మా పెద్దమ్మ ఆ మరుసటి ఏడాది వెళ్లిపోయింది. వాళ్లిద్దరూ కలిసి ఉన్న ఫోటోలు ఆ ముప్పై ఒక్కటే.

అందుకే నిన్ను కోప్పడినట్టుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు తల్లీ: ఒకసారికి ఒక్క మార్పే చెయ్యి. మార్చాక లోపం పోతే, పాత స్థితికి తెచ్చి అది మళ్లీ వస్తుందో చూడు. నువ్వు కావాలన్నప్పుడు రప్పించి, కావాలన్నప్పుడు పోగొట్టగలిగేదాకా కారణం దొరికిందని నమ్మవద్దు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, తప్పిన ప్రతిసారీ ఏ లెన్సు, జూమ్ ఎంత, వెలుతురు ఎలా ఉంది, కెమెరా చేతిలో ఉందా ట్రైపాడ్ మీద ఉందా, బ్యాటరీ ఎంతసేపటి నుంచి వాడుతున్నావు అన్నవి రాసుకో. చాలాకాలం వాడకుండా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు నిండుగా ఉన్నట్టు చూపించి, మోటారు కరెంటు లాగగానే నీరసపడిపోవచ్చు. నా అనుమానం ముందుగా దాని మీదే ఉంది.

కాంటాక్టులకు రబ్బరు వద్దు, అది బంగారుపూతను అరగదీస్తుంది. నూలుపోగులు రాలని మెత్తని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది, లెన్సు వైపు కాంటాక్టులను సున్నితంగా తుడువు; పిన్నులను అదిమిపెట్టకు. బాడీలో కనబడే అద్దాన్ని మాత్రం గుడ్డతో కూడా ముట్టుకోవద్దు. దాని పూత పైముఖం మీదే ఉంటుంది, ఒక్క తుడుపుకే గీతలు పడుతుంది. ఆ అద్దం మధ్యభాగం కొంత వెలుతురును తన గుండా పోనిస్తుంది; వెనక ఉన్న మరో చిన్న అద్దం దాన్ని కిందికి మళ్లించి, అడుగున ఉన్న ఫోకస్ సెన్సార్‌కు చేరుస్తుంది. ఆ దారిలో దుమ్ము పడితే కెమెరా తడబడుతుంది. లెన్సు బిగించే మౌంట్ నేలవైపు ఉండేలా పట్టుకుని చేతి బ్లోయర్‌తో ఊదు, అంతే. డబ్బాలో వచ్చే గాలి వద్దు, దానితోపాటు ద్రవం చిమ్మి మచ్చ పడుతుంది.

ఆ దారి చెడిందో లేదో తేల్చుకోవడానికి లైవ్ వ్యూ, అంటే వెనక తెర మీద చూస్తూ తీసే పద్ధతి, పనికొస్తుంది. మన కెమెరా లైవ్ వ్యూలో ఆ చిన్న అద్దంతో పనిలేకుండా ఫోటో తీసే అసలు సెన్సార్ మీద పడిన బొమ్మనే చూసి, నిదానంగా ఫోకస్ చేస్తుంది. ట్రైపాడ్ మీద ఒకే వస్తువును రెండు విధాలుగానూ తీసి, పెద్దది చేసి పోల్చు. లైవ్ వ్యూలో ప్రతిసారీ కుదిరి వ్యూఫైండర్‌తో తప్పుతుంటే లెన్సును నిందించనక్కరలేదు. ఇంకొక మాట, సంచి అడుగున నా ఫిల్ము రోజుల పోలరైజర్ ఫిల్టర్ ఉంటుంది. అది లీనియర్ రకం. ఇందాక చెప్పిన అద్దానికి దానితో పొసగదు, ఫోకస్ తికమకపడుతుంది. ముచ్చటపడి తగిలించకు. ఖాళీ గోడ మీదా, మసక చీకట్లోనూ కుదరకపోతే అది లోపమే కాదు, పుస్తకంలో రాయనక్కరలేదు.

నెలాఖరుకు కారణం దొరికినా దొరకకపోయినా నానమ్మ ముందు కూర్చున్నప్పుడు 50 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, స్విచ్‌ను మాన్యువల్‌కు మార్చి, పచ్చచుక్క చూసుకుంటూ ఆమె కంటికి చేత్తో ఫోకస్ చేసి మొదట పది ఫోటోలు తియ్యి. తెర మీద ఆ కంటిని పెద్దది చేసి, రెప్పవెంట్రుకలు విడివిడిగా కనబడ్డాయని చూసుకున్నాకే ఆటోఫోకస్ జోలికి వెళ్లు. ఆ పదింటిలో ఒకటి నాకు ఆ రోజే పంపించు. నోటుపుస్తకంలో రాసిన పేజీలను కూడా ఫోటో తీసి పంపు, కలిసి చదువుదాం.

నీ పెదనాన్న