సెలవులు తీసుకున్నా టీచర్లకు బర్నౌట్ ఎందుకు తగ్గదు?

సెలవు అలసటను తీరుస్తుందే గానీ బర్నౌట్‌కు, అంటే పని ఒత్తిడితో శక్తీ ఆసక్తీ హరించుకుపోయే స్థితికి, కారణమైన పనిభారాన్ని తగ్గించదు. అందుకే బడి తెరిచాక మళ్లీ మొదటికొస్తుంది. పాఠం చెప్పడం కన్నా దాని చుట్టూ ఉండే పనే టీచర్‌ను ఎక్కువగా పిండేస్తుంది: దిద్దుబాటు, రికార్డులు, రాత్రిపూట తల్లిదండ్రుల మెసేజ్‌లు. పైగా లోపల కోపం వచ్చినా క్లాసులో శాంతంగా నిలబడాలి. అదీ పనే, కాకపోతే టైమ్‌టేబుల్‌లో కనబడదు.

లెక్క చూడండి. 5 సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది అంటే 200 నోటుబుక్కులు. ఒక్కోదానికి 3 నిమిషాలు పెట్టినా 10 గంటలు! అదే ఒక్క ప్రశ్నను మాత్రం శ్రద్ధగా దిద్ది, ఎక్కువమంది చేసిన తప్పులను బోర్డు మీద వివరిస్తే పుస్తకానికి నిమిషం చాలు, 3 గంటల 20 నిమిషాల్లో తేలిపోతుంది. మెసేజ్‌లకు జవాబిచ్చే వేళ కూడా ముందే చెప్పేయాలి. ఖాళీ పీరియడ్‌లో వేరే క్లాసు అంటగట్టకుండా చూడాల్సింది మాత్రం హెడ్‌మాస్టరే.

చాలామంది బర్నౌట్‌ను ఓర్పు లేకపోవడమనో, జబ్బనో అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే చూపింది: శక్తి హరించుకుపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా ఫలితం లేదన్న భావన. మొదటిదొక్కటే ఉంటే అది మామూలు అలసటే కావచ్చు.