ఎద్దు జబ్బ వాపుకు కాపడం: ఎప్పుడు, ఎంత వేడి, ఎంతసేపు

ప్రశ్న: మాది ఆరేళ్ల ఒంగోలు ఎద్దు. మూడు రోజుల కిందట బండి వంక దాటేటప్పుడు ముందరి కాలు జారింది. అప్పటి నుంచి కుడి జబ్బ వాచి కుంటుతోంది. మేత తింటోంది, నెమరు వేస్తోంది. ఊర్లో కొందరు వాతలు పెట్టించమంటున్నారు, కొందరు కాపడం చాలంటున్నారు. కాపడంతో నిజంగా నొప్పి తగ్గుతుందా? ఎలా పెట్టాలి?
– ఒక రైతు, పత్తికొండ మండలం, కర్నూలు జిల్లా

జవాబు: తగ్గుతుంది. వాతల మాట మరిచిపోండి. వాత చర్మాన్ని కాలుస్తుంది గానీ లోపలి కండను బాగుచేయదు. కాలిన చోట పుండు పడి ఈగలు ముసిరితే పురుగులు పడతాయి, అప్పుడు రెండు జబ్బులకు వైద్యం చేయాల్సి వస్తుంది.

కాపడానికి ముందు రెండు పనులు చేయండి. గిట్ట ఎత్తి కడిగి, చీలిక మధ్య ముల్లు గానీ రాయి గానీ ఉందేమో చూడండి. జబ్బ మీదే అనుమానపడి అసలు ముల్లును వదిలేసినవాళ్లు చాలామంది. తర్వాత వాపు మీద అరచేత్తో నొక్కండి. లోపల గాలి బుడగలు చిట్లినట్టు చరచరమంటే, జ్వరం కూడా ఉంటే అది బెణుకు కాదు, జబ్బవాపు వ్యాధి. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పశువుల్లో ఎక్కువగా వస్తుంది, గంటల్లో ముదురుతుంది. దానికి కాపడం పెడుతూ కూర్చోకుండా వెంటనే డాక్టరును పిలవండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి. మీ ఎద్దు వయసు, మేత తినడం, కాలు జారిన సంగతి చూస్తే బెణుకులాగే ఉంది. అయినా థర్మామీటరు పెట్టి చూడండి. 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే కాపడం ఆపేయండి.

ఇక కాపడం ఎలా పనిచేస్తుందంటారా? కాలు జారినప్పుడు కండ పోగులు కొన్ని చీలతాయి. చుట్టూ ఉన్న కండ ఆ చోటును కదలనివ్వకుండా బిగుసుకుంటుంది. బిగిసిన కండలో సన్న రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం సరిగా ఆడదు, నొప్పి పెరుగుతుంది. నొప్పికి కండ ఇంకా బిగుస్తుంది. ఈ గానుగ తిరుగుడును వేడి తెంపుతుంది. నాళాలు వెడల్పయి రక్తం పారుతుంది, పేరుకున్న నీరు మెల్లగా లాగుతుంది, కండ సడలుతుంది. పైగా చర్మంలో వేడిని పసిగట్టే నరాలు నొప్పి కబురును వెన్నుపాములోనే కొంత అణచివేస్తాయి. పది నిమిషాల్లోనే పశువు తెరిపిన పడడానికి కారణం ఇదే.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు చిట్లిన నాళాల నుంచి రక్తం ఊరుతూనే ఉంటుంది. అప్పుడు వేడి పెడితే వాపు రెట్టింపవుతుంది. ఆ 48 గంటలు చన్నీళ్లే మందు: పైపుతో పావుగంట చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు. మీకు మూడు రోజులైంది కాబట్టి వాపు మీద చెయ్యి పెట్టి, ఎడమ జబ్బతో పోల్చి చూడండి. ఇంకా కాలుతున్నట్టుంటే మరో రోజు చన్నీళ్లే పోయండి. వేడి తగ్గి గట్టిబడితే కాపడం మొదలుపెట్టండి.

ఎద్దు చర్మం మందం. వేడి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి లోపలికి దిగదు. అందుకని మంట పెంచి ప్రయోజనం లేదు, సేపు పెంచాలి. నీళ్లు 43, 44 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటే చాలు. 45 దాటి ఎక్కువసేపు తగిలితే చర్మం దెబ్బతింటుంది. ఒక చెంబు మరిగిన నీళ్లకు నాలుగు చెంబుల మామూలు నీళ్లు కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. ఎండకు కాగిన ట్యాంకు నీళ్లయితే ఆరు చెంబులు పోయండి. మోచేయి ముంచి పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలగాలి.

గోనెపట్టను నాలుగు మడతలు చేసి ముంచి, నీళ్లు కారకుండా పిండి జబ్బ మీద పరవండి. పైన ప్లాస్టిక్ కాగితం, దాని మీద కంబళి కప్పితే వేడి నిలుస్తుంది. మూడు నాలుగు నిమిషాలకోసారి మళ్లీ ముంచి పిండండి. మొత్తం 20 నిమిషాలు, ఉదయం సాయంత్రం, నీడలో, ఐదారు రోజులు. నీళ్లలో ఉప్పు వేయడం మంచిదే అంటారు గానీ పనిచేసేది వేడే. మూట కట్టి పెనం మీద కాచినప్పుడు ఉప్పుకు, ఇసుకకు విలువ ఉంటుంది, అవి వేడిని పట్టి ఉంచుతాయి. మూటను ముందు మీ ముంజేతికి ఆనించి చూసుకోండి, పశువు మీద ఒకేచోట అదిమిపట్టకుండా జరుపుతూ ఉండండి. ఇటుక వేడి అంచనాకు అందదు, వద్దు. టర్పెంటైన్ కలిసిన తైలం రాసి దాని మీద కాపడం పెట్టకండి, బొబ్బలెక్కుతాయి. తెరిచిన పుండు మీద కూడా పెట్టకూడదు.

కాపడం తీశాక తుడిచి ఆరబెట్టి, అరచేత్తో మెత్తగా మర్దన చేసి, పది నిమిషాలు చదును నేల మీద నడిపించండి. నొప్పి మరీ ఎక్కువుంటే డాక్టరుతో మెలోక్సికామ్ వేయించండి. డైక్లోఫెనాక్ ఇంజెక్షను అడగకండి. అది వేసిన కళేబరాలను తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకు నిషేధించారు.

రెండు మూడు వారాలు కాడి కట్టకండి. తర్వాత మొదట ఖాళీ బండి, అదీ అరగంటే. మరుసటి రోజు పొద్దున కుంటు కనిపిస్తే ఇంకో వారం విప్పి వదిలేయండి. ఐదారు రోజుల కాపడానికి కూడా వాపు తగ్గకపోతే, లేదా కాలు అసలు నేల మోపకపోతే, ఎముకో కీలో దెబ్బతిని ఉండొచ్చు, పశువైద్యశాలకు తీసుకెళ్లండి.