ఊరిచ్చిన డబ్బు, లారీ తరఫున రావాల్సిన డబ్బు

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): పల్నాడు జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. మా అక్క కొడుకు, 20 ఏళ్లు, బీటెక్ మూడో సంవత్సరం. 2025 ఆగస్టు 22 రాత్రి బైక్ మీద వస్తుంటే లారీ గుద్దింది. తొడ ఎముకలో రాడ్డు వేశారు, తుంటి విరిగింది, తలకూ దెబ్బ తగిలింది. 34 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. ఊరివాళ్లు, కాలేజీ పిల్లలు, మా ఊరి నుంచి విదేశాలకు వెళ్లినవాళ్లు కలిసి నా ఖాతాకు 11,40,000 రూపాయలు పంపారు. 6,90,000 ఖర్చయింది, 4,50,000 ఉంది. ప్రమాదం జరిగిన రాత్రి మా బావ నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాడు, అది తీర్చమంటున్నాడు. కొందరేమో చీటీ వేయమంటున్నారు. నాకు టాక్స్ పడుతుందా అని టెన్షన్‌గా ఉంది. లారీ ఓనరు 50 వేలు ఇస్తాను, కాంప్రమైజ్ అవుదామంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు:

మాస్టారూ, మీ ఉత్తరంలో అన్నిటికంటే చివర, ఒక్క వాక్యంలో రాసిన విషయం దగ్గర మొదలుపెడతాను. ఆ 50 వేలు తీసుకోకండి. ఏ కాగితం మీదా సంతకం చేయకండి, అబ్బాయితో చేయించకండి. ఓనరు మంచివాడే కావచ్చు, సంక్రాంతికి ఇంటికొచ్చి పళ్లు ఇచ్చి వెళ్లి ఉండవచ్చు. కానీ పరిహారం ఇవ్వాల్సింది ఆయన జేబులోంచి కాదు. లారీకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలి. మనిషికి తగిలిన గాయాల విషయంలో ఆ పాలసీకి ఇంత అని గరిష్ఠ పరిమితి కూడా లేదు.

మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయడానికి చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ గడువు అమల్లో ఉంది. అంతకు ముందు ఇలాంటి గడువు లేదు కాబట్టి, ‘తొందరేముంది, రెండేళ్ల తర్వాతైనా వేసుకోవచ్చు’ అని చెప్పే పెద్దమనుషులు ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఈ గడువు చెల్లదంటూ సుప్రీంకోర్టులో వాదనలు నడుస్తున్నాయి, కానీ వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. మీ లెక్క ప్రకారం 2026 ఫిబ్రవరి 22కి ఆరు నెలలు నిండుతాయి. ఫిబ్రవరి మొదటి వారంలోనే పిటిషన్ పడిపోవాలి. ప్రమాదం ఏ జిల్లాలో జరిగినా మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు, అంత దూరం తిరగనక్కర్లేదు.

ఎంత వస్తుందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు కూడా. లెక్క కట్టే పద్ధతి మాత్రం చూపిస్తాను. అబ్బాయికి ఇంకా సంపాదన లేదు కాబట్టి నెలకు ఇంత సంపాదించేవాడని ఒక ఊహాదాయం అనుకుంటారు. మాట వరసకు 12,000. భవిష్యత్తులో పెరిగే అవకాశానికి 40 శాతం కలిపితే 16,800. ఏడాదికి 2,01,600. దాన్ని వయసును బట్టి కోర్టులు వాడే గుణకంతో హెచ్చిస్తారు. 20 ఏళ్ల వయసుకు అది 18, అంటే 36,28,800. కాలు పూర్తిగా కుదురుకోక, పని చేసే శక్తి 30 శాతం తగ్గిందని తేలితే అందులో 30 శాతం 10,88,640. వైద్య ఖర్చులు, నొప్పికీ బాధకీ ఇచ్చేది, మనిషి తోడుండాల్సి వచ్చినందుకు ఇచ్చేది, వడ్డీ, ఇవన్నీ దీనికి అదనం. ఇంజినీరింగ్ విద్యార్థి కాబట్టి ఊహాదాయం ఇంకా ఎక్కువ చూపించమని మీ వకీలు వాదించవచ్చు. దీని పక్కన ఆ 50 వేలు పెట్టి చూడండి.

వకీలు ఫీజు సంగతి ముందే కాగితం మీద రాయించుకోండి. ‘వచ్చాక చూసుకుందాంలే’ అనే మాట వచ్చిన డబ్బులో పెద్ద వాటా దగ్గర తేలుతుంది. ఫీజు భారమనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, అర్హత ఉంటే ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. పోలీస్ స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు నకళ్లు, ఆసుపత్రి నుంచి గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ ఈ వారమే తెచ్చుకోండి. ఒక్క మాట: ఆ డబ్బు చేతికి రావడానికి రెండు మూడేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి. వచ్చినప్పుడు కూడా ట్రిబ్యునల్ చాలాసార్లు కొంత భాగాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయిస్తుంది. కాబట్టి ఈలోగా ఇల్లు నడవాల్సింది మీ దగ్గరున్న నాలుగున్నర లక్షలతోనే.

ఇప్పుడు ఆ నాలుగున్నర లక్షల సంగతి.

మీ బావగారి అప్పు ముందు తీర్చండి. ‘మేం పిల్లవాడి వైద్యానికి ఇచ్చాం, వాళ్ల నాన్న అప్పుకు కాదు’ అని ఊళ్లో ఎవరైనా అంటారేమోనని మీరు జంకుతున్నట్టు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ రెండు లక్షలు వెళ్లింది ఎక్కడికి? ఆసుపత్రి అడ్వాన్సుకేగా. ఆగస్టు 22 రాత్రి తేదీతో ఉన్న అడ్వాన్సు రసీదు తీసి పక్కన పెట్టుకోండి. అడిగినవాళ్లకు ఆ రసీదు చూపిస్తే చాలు. రెండు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. అదే రెండు లక్షలు బ్యాంకులో వేస్తే, ఆరున్నర శాతం వస్తుందనుకున్నా నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు. ఇందులో ఆలోచించడానికేం లేదు. ఐదు నెలల వడ్డీ 30,000 కూడా బాకీ ఉంటే మొత్తం 2,30,000. అసలు ఒకేసారి ఇస్తాం, వడ్డీ రెండు రూపాయలకు తగ్గించమని అడగండి. ప్రమాదం సంగతి తెలిసిన ఊరివాడైతే కాదనకపోవచ్చు.

తర్వాత 2,20,000 మిగులుతుంది. ఎముక బాగా అతుక్కున్నాక రాడ్డు తీయాలో వద్దో డాక్టరును అడగండి. తీయాలంటే మళ్లీ ఆపరేషన్. దానికి 60,000 పక్కన పెట్టండి. ఇక 1,60,000. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుకు రోజుకు 400 చొప్పున 26 రోజులకు 10,400, మందులు 3,500, రివ్యూకు కారు అద్దె 3,000, బలమైన తిండి, చిల్లర ఖర్చులు కలిపి నెలకు 20,000 దగ్గర తేలుతుంది. అంటే ఎనిమిది నెలలు. ఇందులో మీ అక్కగారి కూలీ లెక్క లేదు చూశారా. మీ వైపు ఇప్పుడు మిరప కోతల కాలం. కొడుకు మంచం పక్కనుంచి కదల్లేక ఆవిడ పోగొట్టుకుంటున్న ప్రతి రోజు కూలీ కూడా ఈ ప్రమాదం ఖర్చే. ట్రిబ్యునల్ పిటిషన్‌లో దాన్ని తప్పకుండా రాయించండి.

చీటీ వద్దు. పాట పాడి తెచ్చుకునే డబ్బు ఆపరేషన్ రోజుకు చేతికి వస్తుందన్న హామీ లేదు. మ్యూచువల్ ఫండ్లూ వద్దు, ‘అబ్బాయి పేర ఒక పాలసీ తీసుకోండి’ అని వచ్చే ఏజెంటు బంధువూ వద్దు. రెండు నెలల ఖర్చుకు 40,000 సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది ముప్పై వేలు, అరవై వేల చొప్పున మూడు నాలుగు డిపాజిట్లుగా వేయండి. అవసరమైనప్పుడు ఒకటి రద్దు చేసుకుంటే మిగతావి కదలవు.

డిపాజిట్లు ఎవరి పేర? మీ పేర కాదు, మీ బావగారి పేర కూడా కాదు. అబ్బాయి పేర. వాడికి 20 ఏళ్లు, మేజరు. రెండు పేజీల ఉత్తరంలో వాడేమంటున్నాడో మీరు ఒక్క చోటా రాయలేదు. నడవలేకపోతున్నాడు గానీ ఆలోచించగలుగుతున్నాడుగా? ఖాతా కాగితాలు వాడి ముందు పెట్టి వివరించండి. కాలేజీకి మళ్లీ ఎప్పుడు వెళ్లాలనేది కూడా వాడే చెప్పాలి. జేఎన్‌టీయూ కాలేజీల్లో సాధారణంగా హాజరు 75 శాతం ఉండాలి, అనారోగ్య కారణంతో 65 వరకు మన్నిస్తారు. మీ వాడికి అది కూడా దాటిపోయి ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీ జతచేసి రీఅడ్మిషన్‌కు అర్జీ ఇచ్చి, ఫీజు సంగతి కాగితం మీద రాసి ఇమ్మనండి. కాలేజీ ఆఫీసులో ఇంకొకటి కూడా అడగండి: విద్యార్థులందరికీ కలిపి తీసుకున్న గ్రూపు ప్రమాద బీమా ఏమైనా ఉందా? ఫీజు రసీదుల్లో ‘ఇన్సూరెన్స్’ అనే గీతలో రెండు మూడు వందలు ఉన్నాయేమో మీరే వెతకండి. చాలా ఇళ్లలో ఆ గీత ఎవరూ చదవరు. బైక్ మీ బావగారి పేర ఉంటే, ఆ బండి పాలసీలోని 15 లక్షల ఓనర్-డ్రైవర్ బీమా (యజమానే బండి నడుపుతుంటే వర్తించేది) అబ్బాయికి వర్తించదు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక మీ టాక్స్ టెన్షన్. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో మొత్తం 50,000 దాటి డబ్బు వస్తే, దాటిన భాగం మాత్రమే కాదు, అంతా ఆదాయంగానే లెక్కిస్తారు. వైద్యానికి వచ్చిందని మినహాయింపు లేదు. కోవిడ్ చికిత్సకు ప్రత్యేకంగా ఇచ్చారు, అది అప్పటికే. అమ్మానాన్నలు, తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు ఇచ్చినదానికి టాక్స్ లేదు. మేనమామగా మీరిచ్చింది ఆ లెక్కలోకి రాదు. పెదనాన్న కొడుకు ఇచ్చింది మాత్రం వస్తుంది. చట్టం దృష్టిలో అతను బంధువు కాడు, మన పెళ్లి పత్రికలో ఎంత ముందు వరసలో ఉన్నా సరే.

ఇప్పుడు చూడండి. మీ జీతం మీద ఈ డబ్బు పడితే భారమే. అబ్బాయికి వేరే ఆదాయం లేదు. 11,40,000లో దగ్గరి బంధువులది లక్షా అరవై వేలు అనుకుంటే మిగిలేది 9,80,000. ఖర్చయిపోయింది కూడా ఇందులో కలిసే ఉంది. 2025-26 సంవత్సరానికి కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి టాక్స్ సున్నా. అయితే నాలుగు లక్షలు దాటింది గనక అబ్బాయి పేర రిటర్న్ వేయాలి, 2026 జులై 31 లోపు. పాన్ లేకపోతే ఇప్పుడే తీసుకోండి. డబ్బు మీ ఖాతాకు వచ్చింది గనక, అది మీది కాదు, వాడి తరఫున పట్టుకున్నారు అని చూపించే ఆధారం కావాలి. మిగిలినది వెంటనే వాడి ఖాతాకు పంపేయండి. ఈ లెక్క ఒకసారి మీ ఊరి ఆడిటర్‌కు చూపించండి.

ఆ ఆధారం ఏమిటంటారా? పెళ్లిలో చదివింపుల పుస్తకం రాస్తాం చూడండి, అచ్చం అలాంటిదే. ఎవరు, ఎంత, ఏ తేదీ, ఫోన్‌పేనా చేతికా. టీ కొట్టు దగ్గర పెట్టిన డబ్బాలో పోగైన చిల్లర నోట్లు 14,300 అని మీరు రాశారు. ఆ అంకె పక్కన లెక్కపెట్టిన ఇద్దరి సంతకాలు పెట్టించండి. నూట పదహార్లు పంపిన పిల్లవాడి పేరు కూడా ఉండాలి. రెండో పేజీలో ఖర్చులు. నెలకొకసారి ఆ లెక్క వాట్సాప్ గ్రూపులో పెట్టండి, రామాలయం గోడకు అతికించినా సరే. డబ్బు లెక్కలే పెట్టండి, అబ్బాయి ఎక్స్‌రేలు, ఫొటోలు వద్దు. ‘మాస్టారి దగ్గర ఇంకా ఉన్నాయట’ అనే గుసగుస మొదలయ్యాక లెక్క చెప్తే ఎవరూ వినరు. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబంలో ఇదే జరిగింది. రూపాయి తినని మనిషి మూడు నెలలు ఊళ్లో తలెత్తుకోలేకపోయాడు, కారణం పుస్తకం రాయకపోవడమే. విదేశాల నుంచి ఇంకా పంపుతామనేవాళ్లు ఉంటే ఊరి సంఘం ఖాతాకు వద్దని చెప్పండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు సంఘం పుచ్చుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ సంఘానికి అది ఉందని నేననుకోను.

రేషన్ కార్డు ఉండి కూడా, దాంతో ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉచిత వైద్యం అడగవచ్చని ఆ రాత్రి ఎవరికీ గుర్తు రాలేదన్నారు. ఆ కంగారులో ఎవరికీ రాదు. రాడ్డు తీసే ఆపరేషన్ మాత్రం ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్న ఆసుపత్రిలో చేయించగలరేమో ముందే అడగండి. ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గర కార్డు చూపిస్తే చెప్తారు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అర్జీ పెట్టవచ్చు, అయితే అక్కడ ఒరిజినల్ బిల్లులు అడుగుతారు, రేపు ట్రిబ్యునల్‌లోనూ అవే అడుగుతారు. ఏదిచ్చినా ముందు ప్రతి కాగితం స్కాన్ చేసి, ఆసుపత్రితో నకళ్లపై స్టాంపు వేయించుకోండి. కాలు పూర్తిగా కోలుకోకపోతే సదరం క్యాంపులో (వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ శిబిరం) పరీక్ష చేయించుకుని పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు. దివ్యాంగులకు మీ రాష్ట్రంలో నెలకు 6,000 ఇస్తున్నారు. దానికి తొందర లేదు, ఫిజియోథెరపీ ఫలితం తేలనివ్వండి.

చదువుతున్న మిగతా పాఠకులకు ఒక మాట. 2025 మే 5 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల దాకా నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం ఉంది. పథకంలో లేని ఆసుపత్రుల్లో మాత్రం బాధితుడి పరిస్థితి నిలకడపడే వరకే వర్తిస్తుంది. కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి.

మాస్టారూ, రేపు పొద్దున స్కూలుకు సెలవు పెట్టి వకీలు దగ్గరకు వెళ్లండి, సాయంత్రం బ్యాంకు పని చూసుకోవచ్చు. అప్పు తీర్చే రోజు మాత్రం మీ బావగారిని ఒక్కణ్ణే పంపకండి. ఇద్దరు సాక్షులతో మీరూ వెళ్లి, ప్రోనోటు చేతికి వచ్చాకే డబ్బు లెక్కపెట్టండి.