పలాసలో జీడి ఫ్యాక్టరీ పెడతానన్న మేనకోడలికి

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి పలాస వచ్చి జీడి ఫ్యాక్టరీ పెడతానన్నావట. విన్నప్పట్నుంచీ సంతోషం ఒకపక్క, గుబులు ఒకపక్క. మన ఇళ్లల్లోంచి ఊరొదిలి పోయినవాళ్లే గానీ, తిరిగొచ్చి నలుగురికి పని చూపిస్తానన్నవాళ్లని నేను చూడలేదు. అందుకు నిన్ను చూసి గర్వంగా ఉంది. గుబులు ఎందుకంటే, పిక్క (పెంకుతో ఉన్న పచ్చి జీడి గింజ) దగ్గర్నుంచి పప్పు దాకా ఈ పనిలో ప్రతి మెట్టూ నాకు తెలుసు కాబట్టి.

కాగితాల పని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆహార భద్రత వాళ్లిచ్చే ఎఫ్ఎస్ఎస్ఎఐ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, జీఎస్టీ అన్నీ చూసుకోగలవు. రైతు దగ్గర పిక్క కొంటే దాని మీద జీఎస్టీ కొన్నవాళ్లే కట్టాలి, ఆ సంగతి ఆడిటర్ని ముందే అడుగు. చిన్న ఆహార యూనిట్లకి కేంద్రం 35 శాతం, 10 లక్షల దాకా రాయితీ పెట్టింది, ఇప్పుడు అమల్లో ఉందో లేదో కనుక్కో. అది బ్యాంకు లోనుకి ముడిపెట్టి ఇస్తారు, ముందే చేతికొచ్చే డబ్బని లెక్కలో వేసుకోకు.

ఇక పలాస గురించి. మనకున్న బలమేటో బయటివాళ్లకి సరిగ్గా తెలీదు. రైలుందని, హైవే ఉందని, పక్కనే ఒడిశా ఉందని చెబుతారు. నిజమే, మదరాసు నుంచి హౌరా పోయే లైను, 16వ నంబరు జాతీయ రహదారి మన గుమ్మం ముందే ఉన్నాయి. ఒడిశా తోటల పిక్క రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో దిగుతుంది. కానీ రైలు చాలా ఊళ్లకి ఉంది. మన బలం ఆడవాళ్ల చేతులు. బోర్మాలోంచి (పప్పు ఆరబెట్టే వేడి గది) తీసిన పప్పు మీద పొట్టు గోరు తగలకుండా తీయడం, ఒక్క చూపులో 240 రకం ఏదో 320 రకం ఏదో వేరు చేసి పళ్లెంలో వేయడం అమ్మ దగ్గర కూర్చుని కూతురు నేర్చుకున్న పని. (పౌనుకి, అంటే అరకేజీకి కాస్త తక్కువకి, 240 పప్పులు తూగితే 240 రకం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ.) గుండు పప్పుకీ (విరగని పప్పు) ముక్కకీ కేజీ మీద ఉన్న తేడాలోనే నీ లాభమంతా ఉంటుంది. ఆ గుండు గుండుగా మిగిలేది ఆ చేతుల వల్ల.

బలహీనత కూడా అంతే పెద్దది. పిక్క మన చేతిలో లేదు. మన పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటలు మొత్తం కోసినా పలాస యూనిట్లకి ఏడాది పొడుగునా సరిపోదు. మిగతాది ఒడిశా నుంచో, ఓడల మీద ఆఫ్రికా నుంచో రావాలి. ఆ ఆఫ్రికా పిక్క కోసం వియత్నాం వాళ్లు పోటీకొస్తారు, వాళ్లు అన్నీ మెషీన్ల మీద నడిపి మనకంటే చవగ్గా పప్పు తీస్తారు. కేరళలో కొల్లం పేరు మనకంటే ఎంతో పెద్దది. బయటి పిక్క మీదే బతికిన ఆ ఊళ్లో ఈ పదేళ్లలో ఎన్ని ఫ్యాక్టరీలకి తాళాలు పడ్డాయో కనుక్కో.

ఉన్న తోటలకైనా పూచీ ఉందా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను సరిగ్గా మన పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే కొబ్బరీ జీడీ వేళ్లతో సహా పడున్నాయి. అంటు మొక్క వేస్తే మూడేళ్లకి కాపు మొదలవుతుంది గానీ నిండు కాపుకి ఇంకో నాలుగైదేళ్లు పడుతుంది. ఈలోగా ఆ రైతు ఏం తింటాడు? కొడుకుని హైదరాబాదు, చెన్నై కట్టడాల పనికి పంపిస్తాడు. మన జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉండి కూడా మన మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ వెళ్లి ఇంకొకరి పడవలెక్కుతున్నారు. అలా వెళ్లినవాళ్లే 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నారు. ఆ ఏడాదంతా వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు పడ్డ వేదన జిల్లా అంతా చూసింది. నువ్వు ఇక్కడ పది మందికి పని చూపిస్తానంటే నాకు అంత విలువగా తోచేది అందుకే.

ఇప్పుడు అసలు సంగతి. మీ మావయ్య సొంతంగా జీడి బట్టీ (చిన్న ఫ్యాక్టరీ) పెట్టాక జరిగింది నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. ఆయన లేరు కాబట్టి మీ నాన్న ఆ ఊసెత్తడు. నేను చెప్తాను.

ఆ ఏడు ఏప్రిల్ ఆఖర్లో అకాల వర్షాలు పడ్డాయి. పిక్క ధర కాస్త దిగింది. ఒక దళారీ వచ్చి, ఇంత చవగ్గా మళ్లీ దొరకదు, సీజనంతా సరిపడా ఎత్తేయమన్నాడు. మావయ్య నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నారు. పైనున్న బస్తాలోంచి గుప్పెడు తీసి, నిలువుగా కోసి చూశారు. పప్పు తెల్లగా ఉంది. అడుగు బస్తాలు విప్పించలేదు. పిక్కని కళ్లంలో రెండు మూడు రోజులు మంచి ఎండలో తిప్పి తిప్పి ఎండబెట్టాలి, తేమ ఎనిమిది తొమ్మిది శాతానికి దిగాలి, అప్పుడే బస్తాకెత్తాలి. ఎండిన పిక్క గుప్పిట్లో ఆడిస్తే గలగలమంటుంది. ఆ పిక్కలు మోగలేదు. మబ్బు పట్టి ఉంది, లారీ కిరాయి పెరిగిపోతోంది, తర్వాత చూద్దామని గోడౌన్లోకి దింపేశారు. సిమెంటు నేల మీదే, గోడకి ఆనించి, చెక్కలు కూడా వేయకుండా.

దసరాకి పప్పు ధర పెరుగుతుంది, అప్పుడు తీద్దామని ఆగారు. ఆరు నెలలకి వంద రూపాయలకి పన్నెండు వడ్డీకే పోయింది. దసరా వచ్చింది, బయటి పిక్క ఓడల్లో దిగింది, ధర పెరగలేదు. బస్తాలు విప్పితే అడుగువన్నీ బూజు. ఎనభై కేజీల బస్తాకి ఇరవై ఒకటి, ఇరవై రెండు కేజీల పప్పు రావాలి. మాకు పదిహేడు దాటలేదు. అందులోనూ సగం పసుపు తిరిగిన పప్పు, మచ్చల పప్పు. నువ్వు చదువుకున్నదానివి, వంద బస్తాల మీద ఆ నాలుగేసి కేజీలు ఎంతవుతుందో లెక్కేసుకో.

అంతటితో ఆగినా లేచి నిలబడేవాళ్లం. వడ్డీవాడు గుమ్మంలో కూర్చుంటే మావయ్య ముందు వాడికి కట్టారు. పనివాళ్లకి దీపావళి పోయాక ఇస్తానన్నారు. తర్వాత సంక్రాంతి అన్నారు. పొట్టు తీసే ఆడవాళ్లు పన్నెండు మంది మా దగ్గర మొదట్నుంచీ ఉన్నవాళ్లు. ఎవరూ గొడవ చేయలేదు. ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. కొందరు పక్క యూనిట్‌కి, ఇద్దరు మగవాళ్లతో పాటు చెన్నైకి. వాళ్ల జాగాలో కొత్తవాళ్లని కూర్చోబెడితే గుండు పప్పు గుట్ట రోజురోజుకీ తగ్గి ముక్క గుట్ట పెరిగింది. పిక్క నష్టం ఒక సీజన్‌ది. ఆ పన్నెండు మంది పోయిన నష్టం బట్టీ మూసేదాకా వెంటాడింది. ఏడాది తిరక్కుండానే తాళం పడింది.

కాబట్టి నీకు గట్టిగా చెబుతున్నాను. మొదటి ఏడాది సీజనంతా సరిపడా సరుకు ఎత్తకు. ఎవరెంత చవకన్నా ప్రతి బస్తాలోంచీ తీసి కోసి చూడు. ఎండబెట్టని పిక్క నీ గోడౌన్ గడప దాటకూడదు. సెప్టెంబరు ఆఖరుకి నిల్వ బాగా తగ్గించేసుకో. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. మనకి అక్టోబరు అంటే ఏటో ఈ తేదీలే చెబుతాయి. సరుక్కి తుపాను నష్టం కూడా కలిపి బీమా చేయించు, పాలసీ కాగితం చివరి పేజీ దాకా చదువు. వారం కూలి వారం తిరిగేసరికి ఇచ్చెయ్యి. ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంచు, ఎంత అవసరమొచ్చినా దాని జోలికి వెళ్లకు.

ఇంక నువ్వన్న మాట. "మెషీన్లు పెట్టేస్తే మనుషులతో తలనొప్పి ఉండదు" అన్నావట. ఆ మాట నాకు కష్టమనిపించింది. నువ్వు చదివిన ఫీజులో సగం నీ నాయనమ్మ పొట్టు తీసిన కూలి. ఆమె కూడా ఎవరికో తలనొప్పేనా?

కోప్పడుతున్నానని బాధపడకు తల్లీ. మెషీన్ వద్దని నేననను. పిక్క కోసేచోట మెషీన్ పెట్టు, తప్పకుండా పెట్టు. పెంకులోంచి కారే జీడి రసం పడి చర్మం ఊడిన వేళ్లు నేను చాలా చూశాను, బూడిద రాసుకుని మళ్లీ అదే పనిలో కూర్చున్నవాళ్లని చూశాను. ఆ పని ఏ ఆడపిల్లా చేయక్కర్లేదు. కానీ కోత మెషీన్ వచ్చిందని ఆ మనుషుల్ని పంపెయ్యకు. వాళ్లనే మెషీన్ మీద నిలబెట్టి నేర్పించు, గ్రేడింగ్‌లో కూర్చోబెట్టు. బాయిలర్ నడిపే పని మగపిల్లలదే అంటారు, ఆడపిల్లకి నేర్పితే రాదా? కాటా వాళ్లకి కనిపించేలా పెట్టు, తూకం వాళ్ల ముందే వెయ్యి. పదిమంది పనివాళ్లైతే ఈఎస్ఐ, ఇరవై మందైతే పీఎఫ్. ఆ తలకాయలు తగ్గించి రాయించే సలహాలు నీకు చాలామంది ఇస్తారు. వినకు.

అన్నిటికన్నా నాకు భయం నీళ్ల గురించి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్లయినా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. అవన్నీ మంచివే. కానీ షెడ్డులో జరిగేది నాకు తెలుసు. బోర్మా పక్కన వేడి, పైన రేకు. మరుగుదొడ్డి లేదని ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టరు. నడుం నొప్పికి నొప్పి బిళ్ల మింగి మళ్లీ కూర్చుంటారు. కిడ్నీలకి ఇంతకన్నా చేటు ఏముంటుంది? నా ఈడువాళ్లలో ఎంతమంది డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయారో నీకు తెలుసు. బాయిలర్ కన్నా ముందు రెండు మరుగుదొడ్లు కట్టించు. ఫిల్టర్ నీళ్ల డ్రమ్ము మనుషులు కూర్చునే చోటే పెట్టు. నేల మీద పీట కాదు, వెన్నుకి ఆనుకునే కుర్చీ వెయ్యి. షెడ్డుకి కొంచెం ఎత్తు పెంచి గాలి ఆడేలా కట్టు. ఖర్చు ఎక్కువంటాడు కాంట్రాక్టరు. ఎక్కువే అవనీ.

పప్పు అమ్మకం గురించి నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. మేం దళారీకి అప్పజెప్పేవాళ్లం, వాడు చెప్పిందే ధర. నువ్వు హైదరాబాదు మిఠాయి కొట్లకి నేరుగా ఇవ్వగలిగితే, పలాస పేరు డబ్బా మీద పెట్టి అమ్మగలిగితే అది మావల్ల కానిది. అందులో నిన్ను నేను సలహా అడగాలి.

మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు గొడవ పడకు. ఉద్యోగం మార్చి దాకా మానకు. బ్యాంకు వాళ్లు తొందరపెట్టినా సంతకం పెట్టకు. మార్చిలో వారం సెలవు పెట్టి రా, వజ్రపుకొత్తూరు వైపు తోటలకి ఇద్దరం వెళ్దాం, కత్తి నేను తెస్తాను. తర్వాత మన పన్నెండు మందిలో ఇంకా ఇక్కడే ఉన్న ఐదుగురి ఇళ్లకి తీసుకెళ్తాను. పనికి రమ్మని నేనడగను. నువ్వే అడుగు.

మీ అత్త