కెనాన్ 200-800 లెన్స్: ఎఫ్/9 అంటే మరీ చీకటా?

2023 నవంబరులో కెనాన్ ఆర్‌ఎఫ్ 200-800 మి.మీ. జూమ్‌ను బయటపెట్టగానే పక్షుల ఫొటోలు తీసేవాళ్లు ఎక్కువగా అడిగింది, 800 దగ్గర ఎఫ్/9తో పని జరుగుతుందా అని. ఎఫ్ పక్కన అంకె ఎపర్చర్‌ది, అంటే వెలుతురు వచ్చే రంధ్రానిది; అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది.

జరుగుతుంది. ఎఫ్/6.3 లెన్స్‌కీ దీని ఎఫ్/9కీ తేడా ఒక్క స్టాప్, అంటే వెలుతురు సగం. ఎగిరే కొంగకు 1/2000 సెకను షటర్‌తో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600 సరిపోయే వెలుతురులో ఇక్కడ 3200 పెట్టాలి, అంతే. చాలామంది వదిలేసే లెక్క ఇంకొకటి ఉంది. 800ని 9తో భాగిస్తే ఎపర్చర్ వెడల్పు 89 మి.మీ. కెనాన్‌దే 100-500 లెన్స్‌లో 500ని 7.1తో భాగిస్తే 70. దూరాన ఉన్న అదే పక్షి నుంచి లెన్స్‌లోకి ఎంత వెలుతురు వస్తుందో తేల్చేది ఈ వెడల్పే. అందుకే 500లో తీసి క్రాప్ చేసినదానికంటే 800లో నేరుగా తీసినదే శుభ్రంగా ఉంటుంది.

ఫోకస్ సంగతి: పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు చాలావరకు ఎఫ్/8 దాటితే చేతులెత్తేసేవి. కెనాన్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ బాడీలకు ఆ ఇబ్బంది లేదు. తెల్లవారుజామున చెట్ల నీడలో మాత్రం తడుముకోవచ్చు.

నన్నడిగితే అసలు చూసుకోవాల్సింది బ్యాలెన్స్. బరువు సుమారు 2 కిలోలు. జూమ్ తిప్పేకొద్దీ ముందు గొట్టం బయటికి సాగి బరువు ముక్కు మీద పడుతుంది. గింబల్ (బరువు లెన్స్‌ను తేలిగ్గా తిప్పనిచ్చే ట్రైపాడ్ తల) వాడితే, జూమ్‌ను 800కి తిప్పి ఉంచాకే లెన్స్ కింది ప్లేట్‌ను జరిపి బిగించండి.

ఎండెక్కాక పులికాట్ నీళ్ల మీద దూరపు ఫ్లెమింగోల ఈకలు అలికినట్టు వస్తే తప్పు లెన్స్‌ది కాదు, వేడి గాలిది. ఎపర్చర్ ఎంత మార్చినా అది పోదు. పొద్దెక్కకముందే తీయాలి.