పాత టీవీ, సెట్‌టాప్ బాక్స్ బోర్డుల్లో బంగారం తీస్తే గిట్టుతుందా?

తమ్ముడూ, హుజూరాబాద్‌లో మీ మామయ్య రిపేర్ షాపు మూసేయడంతో పాత టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, కీబోర్డులు కలిపి మూడు క్వింటాళ్లు నీ నెత్తిన పడ్డాయనీ, వీడియోలు చూసి యాసిడ్ తెప్పిద్దామనుకుంటున్నాననీ రాశావు. తెప్పించకు. హన్మకొండలో పదిహేనేళ్లుగా కంప్యూటర్లు రిపేర్ చేస్తున్నా. ఆ పిచ్చి పని ఒకసారి నేనూ చేశా.

అప్పుడు నా దగ్గర ఉన్నవి కూడా ఎక్కువగా సెట్‌టాప్ బాక్సులే. రెండు గంటలు కూర్చొని పసుపు పచ్చగా మెరిసే పిన్నులు కత్తిరిస్తే గుప్పెడు కూడా కాలేదు. సగం పిన్నులను సోల్డర్‌తో (వాటిని బోర్డుకి అతికించే లోహం) సహా నైట్రిక్ యాసిడ్‌లో వేశా. సోల్డర్‌లోని తగరం ఆ యాసిడ్‌లో కరగదు, తెల్లటి ముద్దగా మారుతుంది. అచ్చం విరిగిన పాలే. ఫిల్టర్ పేపర్ మూసుకుపోయి రాత్రంతా ఉంచినా సరిగ్గా దిగలేదు. ఇక ఆ గోధుమరంగు పొగకి మా ఆవిడ దండెం మీది బట్టలు తీసుకొని లోపలికి పరుగెత్తింది. ఆ వారమంతా ఇంట్లో నాకు పెట్టిన చీవాట్లు వేరే కథ.

మిగతా సగం పిన్నులు తెలిసిన అవుసులాయన (కంసాలి) దగ్గరికి తీసుకెళ్లా. ఒకదాన్ని గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఒక్క చుక్క యాసిడ్ వేశాడు. చూస్తుండగానే గీత మాయం. "ఇత్తడి సార్ ఇది, ఏం మిగుల్తది ఇండ్ల?" అన్నాడు. ఆ పరీక్షేదో ముందే చేయించి ఉంటే యాసిడ్ డబ్బులైనా మిగిలేవి.

ఒక లెక్క చూడు. బోర్డు మీద కనిపించే బంగారు పూత చాలాచోట్ల 0.05 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అలాంటి పూత చదరపు సెంటీమీటరుకి దాదాపు 0.1 మిల్లీగ్రాము. అంటే ఒక్క గ్రాము బంగారానికి చదరపు మీటరు పూత కావాలి, అదీ ఖాళీ లేకుండా. ర్యామ్ కార్డుల అంచున ఉండే పట్టీలు వేరు, వాటిమీద 0.75 మైక్రాన్ల వరకూ ఉంటుంది. అందుకే ర్యామ్‌లు, పాత సిరామిక్ ప్రాసెసర్లు, మొబైల్ బోర్డులు ఉంటే పక్కన పెట్టు. అవి కూడా యాసిడ్‌లో వెయ్యడానికి కాదు, రకం వారీగా బోర్డులు కొనేవాళ్లకి అమ్మడానికి.

గోధుమరంగులో ఉండి, గీతలు వెనకవైపు మాత్రమే ఉన్న బోర్డులు (టీవీ, యూపీఎస్, చార్జర్, ఎల్‌ఈడీ బల్బువి) బంగారం కోసం ముట్టుకోకు. అలాగని ఆకుపచ్చ బోర్డు కనిపించగానే ఆశపడకు. సెట్‌టాప్ బాక్సుల్లో చాలావరకు ఒక పెద్ద చిప్, ఒక ట్యూనర్ డబ్బా, అంతే. విప్పడానికి పట్టే గంటకి నీ కూలి ఎంతో వేసుకో. విప్పాక పెరిగే ధర అంతకన్నా తక్కువైతే బోర్డు బోర్డుగానే కాంటా మీద పెట్టెయ్. కీబోర్డు లోపలి ప్లాస్టిక్ షీటు మీద గీతలు వెండి సిరావే, కానీ ఆ వెండి తీసే ఖర్చుకి కొత్త కీబోర్డు వస్తుంది.

నీ సరుకులో అసలు డబ్బు రాగిలో ఉంది. టీవీ పిక్చర్ ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగ చుట్ట, ట్రాన్స్‌ఫార్మర్లు, కరెంటు వైర్లు చూడు. ట్యూబు వెనక అంచు చుట్టూ తిరిగే పెద్ద కాయిల్‌తో మాత్రం జాగ్రత్త. కొన్ని టీవీల్లో అది రాగి రంగులో కనిపించే అల్యూమినియం. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. నేను నాలుగు కిలోలు రాగి అనుకొని తీసుకెళ్తే, కాంటా దగ్గర కుర్రాడు గీకి చూపించి నవ్వాడు.

పిక్చర్ ట్యూబులు పగలగొట్టకు, ఆ గాజులో సీసం ఉంటుంది. వాటికి డబ్బు రాదు, రవాణా ఖర్చు నీమీదే పడొచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కాకుండా రీసైక్లింగ్ చేయకూడదు కూడా. నమోదైన వాళ్లని వెతికి, ట్యూబులు, బోర్డులు కలిపి ఒకే లోడుగా మాట్లాడుకో. విడిగా ట్యూబులంటే ఎవరూ బండి పంపరు.